మేడ మీద సంచులు

సంచిని లోపలివైపు బయటికి తిప్పి, మోకాళ్ళ మధ్య బిగించి, చిరుగు అంచులు రెండూ ఒకచోటికి లాగి దబ్బనం దింపింది సంచులక్క. అరచేతికి చుట్టుకున్న సైకిలు ట్యూబు ముక్కతో దాన్ని అవతలికి నెట్టి, వెంట వచ్చిన పురికొసను చెయ్యి చాచినంత మేర లాగి బిగించి, మళ్ళీ దింపింది. ప్రతి లాగుకీ గోనె నూగు పొగలా లేచి ఆమె కనుబొమల మీద, ముక్కుకి కట్టుకున్న గుడ్డ మీద, చెవుల అంచుల మీద వాలుతోంది. అందుకే పనిలో ఉన్నప్పుడు చూసినవాళ్ళు ఆమెని పండు ముసలిదనుకుంటారు. సాయంత్రం మొహం కడుక్కుని రోడ్డు మీద ఎదురైతే, ఫరవాలేదే, ఇంకా గట్టిగానే ఉందే అనుకుంటారు.

ఆ ధాన్యం మార్కెట్టులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలిసిన మొగుడు ఎప్పుడో పోయాడు. అక్కడే బస్తాలు మోసి మోసి, దగ్గుతో మంచం పట్టి, ఆమె ఇంకా పడుచుగా ఉండగానే కన్నుమూశాడు. తమ్ముడు అక్కా అనే పిలుస్తాడు. ఇక పేరుతో పనేముంది? మొగుడు పోయిన నెల తిరక్కుండానే ఆమె దబ్బనం పట్టుకుంది. పిల్లల్లేరు. మొదట్లో వేళ్ళు రక్తం కారేవి, తరవాత కాయలు కాశాయి, ఆ తరవాత అవి వేళ్ళని గుర్తే లేకుండా పోయాయి.

ఒకప్పుడు కోతలయ్యాక ఆ రేకుల షెడ్డులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ధాన్యం గుట్టలు, కాటాల చప్పుడు, కేకలు, నడుము వంచి పరుగెత్తే హమాలీలు. చిరిగిన సంచులు ఆమె పక్కన మనిషెత్తున పడి ఉండేవి. కుట్టినకొద్దీ వస్తూనే ఉండేవి. ఇప్పుడు షెడ్డులో తుమ్మితే ప్రతిధ్వని వస్తోంది. చుట్టుపక్కల పొలాలన్నీ పోయాయి. ఒకేసారి పోలేదు, పళ్ళు ఊడినట్టు ఒక్కొక్కటే ఊడాయి. మొదట రోడ్డు పక్కవి, తరవాత వాటి వెనకవి, ఆ తరవాత ఇళ్ళ మధ్య ఇరుక్కుపోయి నీళ్ళు రాక ఎండినవి. ఎప్పుడో ఒక లారీ ఎక్కడో దూరం నుంచి వస్తోంది. అందులోనూ సగం ప్లాస్టిక్ సంచులే, కుట్టడానికి వీల్లేనివి.

హమాలీల మేస్త్రి కాటా మీద కూర్చుని ఉన్నాడు. తూచడానికేమీ లేనప్పుడు అతని కుర్చీ అదే.

"ఏంటి మేస్త్రీ, పొద్దున్నే కాటా ఎక్కావు?"

"నన్ను నేనే తూచుకుంటున్నా అక్కా. రోజూ తగ్గుతున్నా. మా ఆవిడకి చూపిస్తే, నిన్ను చేసుకున్నప్పుడు ఇలాగే ఉన్నావు, నాకేం కొత్త కాదంటోంది."

సంచులక్క గుడ్డ వెనక నవ్వింది. మేస్త్రి కాటా దిగొచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తోటపనికి రమ్మన్న ఆసుపత్రి వ్యాను ఈ సాయంత్రమేగా వచ్చేది? ఏమన్నాడు మీ తమ్ముడు?"

"ఏమంటాడు. చెప్తే గోడకి చెప్పుంటాడు. నాకు చెప్పలేదు."

"నువ్వైనా నోరు తెరిచి వెళ్ళరా అనొచ్చు కదా."

ఆమె గుడ్డ కిందికి లాగి పురికొసని పంటితో తెంపింది. వెళ్ళరా అనడమే కదా, ఎంతసేపు పని. ఆ మాట వారం నుంచి ఆమె గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. వెళ్ళమంటే, ఇంతకాలం పెట్టిన తిండి బరువైందని తరిమేసినట్టుంటుంది. వద్దంటే వాడు మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. ఇక ఆ గోడ దగ్గరే వాడి బతుకు తెల్లారిపోతుంది.

తమ్ముడు సేద్యం మనిషి. తండ్రి పోయాక ఆ మూడు మూలల పొలాన్ని వాడే చూసుకున్నాడు. పెళ్ళి చేసుకోరా అంటే ఈ పంట ఇంటికి రానీ అనేవాడు. పంట వచ్చేది, పెళ్ళి మాత్రం పై పంటకి వాయిదా పడేది. ఈలోగా చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే అమ్ముకున్నారు. బండి బాటకి అడ్డంగా ప్రహరీ లేచింది. కాలవని పూడ్చి దాని మీద ఎవరో మెట్లు కట్టుకున్నారు. రెండేళ్ళు వాడు బిందెలతో నీళ్ళు మోసి చూశాడు. ఆఖరికి ఒకరోజు, అక్కకి చెప్పకుండా వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. వచ్చిందంతా పాత బాకీలకీ, వాడి రోగానికీ పోయింది. ఆ తరవాత ఒక మూట పట్టుకుని ఆమె గదికి వచ్చి, "నాలుగు రోజులుంటా అక్కా" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఆమె ఒక్క మాట అనలేదు. పొలం ఊసే ఎత్తలేదు. అన్నం పెట్టింది, పక్క వేసింది, జ్వరమొస్తే నుదుటికి తడిగుడ్డ వేసింది. తను ఎంతో ఓర్పుగా ఉన్నాననుకుంది. వాడేమో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, ఆమె అనని మాటలన్నీ ఒక్కొక్కటే వింటున్నట్టు ఉండేవాడు.

మధ్యాహ్నానికి లారీ వచ్చి వెళ్ళిపోయింది. బాగుచేయడానికి పనికిరాని సంచులు ఒక కట్ట కట్టి మేస్త్రి ఆమె నెత్తికెత్తాడు.

"నీకెందుకక్కా ఇంత మొహమాటం," అన్నాడు కట్ట సర్దుతూ. "బస్తా దించమని అడక్కపోతే ఎవడికి తెలుస్తుంది, బరువుగా ఉందని?"

ఆమె తల ఆడించబోయి, నెత్తి మీద కట్ట ఉందని గుర్తొచ్చి ఊరుకుంది.

ఆ సంచుల్ని ఆమె ఇంటికి మోయడం మొదలుపెట్టింది కరువు రోజుల్లో. అప్పుడు ఉన్నట్టుండి లారీలు రావడం తగ్గిపోయింది. కూరగాయల బజారులో తట్టలు బోర్లించి పెట్టేశారు. వంకాయ కనబడితే జనం పెళ్ళికొడుకుని చూసినట్టు గుమిగూడేవారు. వరసలో నిలబడి నిలబడి, తన వంతు వచ్చేసరికి ఖాళీ తట్ట చూసి తిరిగొచ్చిన రోజులు ఆమెకి బాగా గుర్తు. ఉప్పూ కారమూ కలుపుకుని తిన్నారు. తమ్ముడు ఆకలి లేదనేవాడు. లేదన్న ఆకలి వాడి దవడ ఎముకల్లో కనబడేది.

ఆమెకి తెలిసింది సంచులొక్కటే. పాత సంచుల్ని పొట్టిగా కత్తిరించి, రెండు పొరలుగా కుట్టి, ఊరి చివర్నుంచి మట్టి తెచ్చి నింపి, మేడ మీద వరసగా పెట్టింది. పాలకూర గింజలు చల్లింది. మొలిచాయి. రెండాకులు వేశాయి, పసుపురంగుకి తిరిగాయి, పడిపోయాయి. ఇంకోసారి చల్లింది. అదే కథ. తమ్ముడు మంచం మీంచి లేవలేదు, మేడ ఎక్కలేదు, అడగలేదు.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చి మేడ ఎక్కితే సంచులన్నీ జరిగి ఉన్నాయి. ఎర్రటి ఎండ పడే మూల నుంచి గోడ నీడకి వచ్చాయి. వాటి అడుగున ఇటుక ముక్కలు పెట్టి ఉన్నాయి. కింద చిల్లులు పొడిచి ఉన్నాయి, నీళ్ళు నిలవకుండా. ఆమె కిందికి దిగి వచ్చింది. తమ్ముడు గోడ వైపు తిరిగి గురక పెడుతున్నాడు. కాలి మడమల మీద మట్టి, గోళ్ళ నిండా మట్టి. ఆమె ఏమీ అడగలేదు. వాడూ చెప్పలేదు.

అప్పటినుంచి అదొక దొంగాట. ఆమె పనికి వెళ్ళగానే వాడు పైకి వెళ్ళేవాడు, ఆమె అడుగుల చప్పుడు వినగానే కిందికొచ్చి పడుకునేవాడు. పాలకూర నిలబడింది. బెండ, వంగ, టమాటా వచ్చాయి. చిక్కుడు తీగ బట్టలారేసే తాడు మీదికి పాకింది. గది అద్దెకిచ్చిన ఇంటాయన మొదట మేడ పాడైపోతుందని గునిశాడు గానీ, ఇంటావిడ చేతికి సొరకాయ అందాక ఆ మాట ఎత్తడం మానేశాడు. వీధిలోవాళ్ళు వచ్చి చూసి, మాకూ రెండు సంచులు కుట్టిపెట్టమన్నారు. ఇప్పుడా వీధిలో ఏ మేడ చూసినా, ఏ కిటికీ చూసినా, ఆమె కుట్టే కనబడుతుంది.

అలా చూసే వచ్చింది ఆసుపత్రి వంటింటి పెద్దావిడ. బొడ్లో తాళాల గుత్తి, ఎప్పుడూ దేనికో తొందర. మేడంతా ఒకసారి తిరిగి, వంగ మొక్కల ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"రోగులకి చప్పటి గంజి తప్ప పెట్టడానికేం లేదమ్మా. వెనక ఖాళీ జాగా ఉంది, బోరుంది. పంపు పక్కన గది కూడా ఉంది. చేసే మనిషే లేడు. ఇవన్నీ పెంచింది ఎవరు, నువ్వా?"

"మా తమ్ముడు," అంది సంచులక్క. ఆ మాట మొదటిసారి పైకి అంది. మెట్ల మీద నిలబడి వింటున్న తమ్ముడు, దొరికిపోయిన దొంగలా, "నాకేం తెలీదు" అన్నాడు.

"తెలుసో తెలీదో వచ్చి చేశాక చెప్పు," అంది పెద్దావిడ నవ్వి. "వచ్చే వారం ఇదే రోజు సాయంత్రం మా వ్యాను ఇటే వస్తుంది. వస్తే ఎక్కు."

ఆ రోజే ఈ రోజు.

కట్ట బరువుకి మెడ నొప్పి పెడుతోంది. మామూలుగా ఆమె చుట్టు తిరిగి బజారు మీదుగా ఇంటికి వెళ్తుంది. అడ్డదారిన వెళ్తే తమ పాత పొలం మీదుగా పోవాలి. అమ్మినప్పటినుంచి అటు తొక్కలేదు. అక్కడ ఏ మిద్దెలు లేచాయో, తండ్రి వేసిన గట్టు మీద ఎవరి దొడ్డి గోడ ఉందో చూడాల్సొస్తుందని భయం. ఈ రోజు మెడ ఆ భయాన్ని ఓడించింది. అడ్డదారి పట్టింది.

తీరా చూస్తే అక్కడ ఒక్క ఇల్లూ లేదు. హద్దురాళ్ళు వరసగా పాతి ఉన్నాయి, వాటి నంబర్లు ఎండకి వెలిసిపోయాయి. నడుమంతా ముళ్ళ కంపలు, పిచ్చి గడ్డి. కొన్నవాళ్ళెవరో కట్టుకోలేదు, దున్నుకోలేదు. ఒక మేక హద్దురాయికి వీపు గోక్కుంటోంది. గట్టు ఆనవాలు మాత్రం ఉంది, గడ్డి కింద కాస్త ఉబ్బెత్తుగా. సంచులక్క దాని మీద కాసేపు నిలబడింది. గుండె ఆగిపోతుందనుకుంది. ఆగలేదు. ఇన్నేళ్ళు చుట్టు తిరిగి నడిచింది దీనికోసమా! కాళ్ళు తేలికైనట్టనిపించి చకచకా నడిచింది.

ఇంటికొచ్చి కట్ట మెట్ల దగ్గర దించి గదిలోకి చూసింది. మంచం ఖాళీగా ఉంది. పక్కబట్టలు మడత పెట్టి ఉన్నాయి. చెప్పకుండా వెళ్ళిపోయాడా? గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కింది.

తమ్ముడు పైనే ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని కూడా దిగలేదు. గోడ నీడలో చతికిలబడి, తట్టలో వంకాయలు సర్దుతున్నాడు, చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు. తల ఎత్తకుండానే అన్నాడు.

"అక్కా, ఒకటడుగుతా."

"అడుగు."

"నేను పొలం అమ్మినప్పుడు నువ్వు నన్నెందుకు తిట్టలేదు?"

ఆమె చెంగుతో మెడ తుడుచుకుంది. "తిడితే తిరిగొస్తుందా?"

"రాదు. కానీ తిట్టుంటే అయిపోయేది. నువ్వు అన్నం పెట్టావు. రోజూ పెట్టావు. ఒక్కరోజు తిట్టేసుంటే నేను లేచి కూర్చునేవాణ్ణి."

సంచులక్క వాడి వైపు చూసింది. తల నెరిసిపోయింది. చిన్నప్పుడు కొట్టించుకోవడానికి చెయ్యి ముందుకు చాపి కళ్ళు మూసుకునేవాడే, అదే మొహం. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కోపం కడుపులోంచి వచ్చింది.

"సంతకం పెట్టేముందు ఒక్కసారి నా గడప తొక్కితే నీ కాళ్ళు అరిగిపోయేవా? ఆ పొలం నీ ఒక్కడిదా? నాన్న గట్టు వేస్తుంటే తట్టలు మోసింది నేను కాదూ? నేనేమన్నా వద్దనేదాన్నా? వద్దనేదాన్నే! అయినా అడగాలి కదరా!"

వాడు తల వంచుకున్నాడు. ఆమె ఆగలేదు. ఆగడం ఇప్పుడు ఆమె చేతిలో లేదు.

"పోనీ అమ్మావు. మొగాడివి కదా, వచ్చి అక్కా ఇలా చేశానని ఏడవొచ్చుగా? వచ్చినవాడివి వచ్చినట్టు పడుకున్నావు. ఆ గోడకేం చూస్తావురా అంతసేపు, సినిమా ఆడుతోందా? నీ మంచం గదంతా తినేసింది. నేను కాళ్ళు చాపుకుని పడుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆ గురక ఒకటి! దొంగ గురక! గోళ్ళ నిండా మట్టి పెట్టుకుని గురకలా? సంచులు జరిపింది నువ్వని నాకు తెలియదనుకున్నావా?"

తమ్ముడు చటుక్కున తలెత్తాడు. "తెలుసా?"

"తెలియక? నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"మరి రోజూ మెట్లెక్కేటప్పుడు అంత గట్టిగా దగ్గేదానివి..."

"నీకు దిగొచ్చి పడుకోవడానికి టైము కావద్దూ!"

వాడు మళ్ళీ తల దించాడు. తరవాత వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక తట్ట పక్కకి పెట్టేశాడు. ఆమెకీ ఆగలేదు. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, నూగు మీద చారలు కట్టాయి.

కింది నుంచి ఇంటావిడ కేకేసింది. "ఏమైందమ్మా, కేకలు వినబడుతున్నాయి?"

"ఏం లేదండీ! మా తమ్ముణ్ణి తిడుతున్నా!"

"ఓహో. సరే సరే, కానివ్వండి."

తిట్లయ్యాక ఇద్దరికీ ఆకలేసింది. ఆమె కిందికెళ్ళి వంకాయలు వండింది. వాడు స్నానం చేసి, వేసుకున్న చొక్కా ఉతుక్కుని, సరిగా పిండకుండానే పైన ఆరేసి వచ్చాడు. గదిలో ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. వాడు మారు వడ్డించమని అడిగాడు. ఆకలి లేదనే మనిషి అడిగి పెట్టించుకోవడం చూసి, ఆమె తన కంచంలోకి చూస్తూ తినడం నెమ్మది చేసింది, గిన్నెలో వాడికి ఇంకాస్త మిగలాలని. గిన్నెలో ఎలాగూ మిగిలింది. ఇద్దరూ కడుపునిండా తిన్నాక కూడా మిగిలింది.

"అక్కా," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "నువ్వు వెళ్ళమంటే వెళ్తా."

ఆమె గొంతులో ఇరుక్కున్న మాట ఏ కష్టమూ లేకుండా బయటికి వచ్చింది. "వెళ్ళరా."

"తరిమేస్తున్నావా?"

"అవును. నాకు కాళ్ళు చాపుకోవాలనుంది."

వాడు మళ్ళీ నవ్వాడు. పొద్దు వాలుతుండగా వీధి చివర వ్యాను హారను మోగింది. వాడికి సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు జతల బట్టలు, దుప్పటి, అద్దం. ఆమె వాటిని ఒక కొత్త సంచిలో పెట్టి మూతి కుట్టబోయింది. "బట్టలకి కూడా కుట్టేనా, ఊరికే ముడి వెయ్యి" అన్నాడు. కట్టలోని పాత సంచులు సగం వ్యానులో వేయించుకున్నాడు, అక్కడ గోడ పక్కన టమాటా పెట్టడానికి. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "బెండకి పొద్దున నీళ్ళు, వంగకి సాయంత్రం. చిక్కుడు మొదట్లో మరీ తడపకు" అన్నాడు.

"తెలుసులే."

"నీకేం తెలుసు, పాలకూర రెండుసార్లు చంపావు."

"వెళ్ళెహె!"

డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో వాడి వీపు తప్ప పెద్దగా చూడని ఆమె, వ్యాను మలుపు తిరిగేదాకా ఆ మొహాన్ని చూస్తూ నిలబడింది. వాడు చెయ్యి ఊపలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, వీధిలో మేడల మీది మొక్కలన్నింటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

గదిలోకి వచ్చి మంచం ఎత్తి గోడకి నిలబెట్టింది. నేల మీద చాప పరిచి, మధ్యలో పడుకుని, కాళ్ళు చాపింది. మడమలు అవతలి గోడకి తగలలేదు. చేతులు కూడా చాపింది. అమ్మయ్య, అంది పైకే. ఆ మాట అన్నందుకు కాస్త సిగ్గేసింది. వాడు వెళ్ళి ఇంకా వీధి దాటి ఉండడు. కానీ సిగ్గు కంటే హాయే ఎక్కువగా ఉంది. మార్కెట్టు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఉన్నన్నాళ్ళూ కుడుతుంది. లేకపోతే వీధివాళ్ళకి కుడుతుంది. రేపటి కూర మేడ మీదే ఉంది. వాడు ఎక్కడో ఒకచోట మట్టిలో చేతులు పెట్టుకుని ఉంటాడు, ఎవరికీ దాచక్కర్లేకుండా. కాసేపు అలాగే పడుకుని పైకప్పు చూసింది. ఏ ఆలోచనా రాలేదు. అది కూడా బాగుంది.

చీకటి పడేలోగా వంగకి నీళ్ళు పోయాలని గుర్తొచ్చి, బిందె తీసుకుని మెట్లెక్కింది. ఈసారి దగ్గలేదు.

తాడు మీద తమ్ముడి చొక్కా ఉంది. ఆరలేదని వదిలేశాడో, మరిచేపోయాడో. గాలికి ఒక చెయ్యి పైకి లేచి చిక్కుడు తీగలో చిక్కుకుంది. చొక్కా అంచు నుంచి ఒక్కొక్క చుక్కా, తొందర లేకుండా, కింద సంచిలోని మట్టి మీద పడుతోంది.